చేతిలో పని ఉంటే చదువెందుకు? ఐటీఐ ప్రవేశాల బల్ల దగ్గర వినే అపోహలు, వాటి వెనుక వాస్తవాలు

పాలమూరు ప్రాంతంలోని ఒక ప్రభుత్వ ఐటీఐలో పంతొమ్మిదేళ్ళుగా ఎలక్ట్రీషియన్ ట్రేడ్ బోధిస్తున్నాను. ఏటా ప్రవేశాల సమయంలో దరఖాస్తుల బల్ల దగ్గర కూర్చుంటే వచ్చే మనుషులు మారతారు గాని, జరిగే సంభాషణ మారదు. మొన్న జూన్‌లో నారాయణపేట వైపు నుంచి ఒక తండ్రి పదిహేనేళ్ళ కొడుకును వెంటబెట్టుకొని వచ్చాడు. "సారూ, మావోడు మూడేండ్ల సంది మోటర్ల షాపుల పని చేస్తుండు. వైండింగ్ మంచిగ నేర్చిండు. జర ఎలక్ట్రీషియన్ల సీటు ఇయ్యిండ్రి" అన్నాడు. చదువు ఎంతవరకని అడిగితే ఏడు దాటలేదన్నాడు. పని వచ్చిన పిల్లగానికి ఇంక చదువెందుకు సారూ, అని నన్నే అడిగాడు. ఆ మాటలో వెటకారం లేదు. ముంబయిలో భవనాల దగ్గర ఏళ్ళ తరబడి కూలి చేసి వచ్చిన మనిషి, తన కొడుకు తట్టా పారా పట్టకుండా బతికితే చాలనుకున్నాడు, అంతే.

అపోహ: చేతిలో పని ఉంటే చాలు, చదువు దండగ.

మా జిల్లాల్లో పేద పిల్లలను ఎక్కువగా దెబ్బతీస్తున్న అపోహ ఇదేనని నా నమ్మకం. ఐటీఐలో చేరడానికి పిల్లవాడికి 14 ఏళ్ళు నిండి ఉండాలి. వెల్డర్, ప్లంబర్, వైర్‌మన్ వంటి ట్రేడ్‌లకు ఎనిమిదో తరగతి పాసై ఉండాలి. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ వంటి వాటికి లెక్కలు, సైన్సు ఉన్న పదో తరగతి కావాలి. ఏడుతో ఆగినవాడు వీటిలో దేనికీ దరఖాస్తు కూడా పెట్టలేడు. విద్యుత్ పంపిణీ సంస్థ జూనియర్ లైన్‌మన్ పోస్టులకు ప్రకటన ఇచ్చినప్పుడు పదో తరగతితోపాటు ఎలక్ట్రికల్ లేదా వైర్‌మన్ ట్రేడ్‌లో ఐటీఐ గాని, ఎలక్ట్రికల్ ఒకేషనల్ ఇంటర్ గాని అడుగుతుంది. అక్కడ స్తంభం ఎక్కే నేర్పు ఎంత ఉన్నా, ముందు చూసేది ఈ కాగితాలనే.

ఇదంతా కాగితం కోసం పెట్టిన అడ్డంకి అనుకొనేవారికి బోరు మోటారు సంగతి చెబుతుంటాను. షాపులో పెరిగిన పిల్లవాడు కాలిపోయిన కాయిల్ విప్పి, చుట్లు లెక్కబెట్టి, తీగ గేజీ చూసి, ఉన్నది ఉన్నట్టు మళ్ళీ చుడతాడు. ఆ చేతి పనికి నేను కూడా దండం పెడతాను. కానీ అదే మోటారు రెండు నెలలకు మళ్ళీ కాలి వస్తే ఎందుకు కాలిందో చెప్పలేడు. త్రీ ఫేజ్ మోటారు నడుస్తుండగా ఒక ఫేజు పోతే అది వెంటనే ఆగదు. మిగిలిన రెండు ఫేజుల మీద భారమంతా పడి, వాటిలో కరెంటు పెరిగి, వైండింగ్ వేడెక్కి మాడిపోతుంది. దాన్ని పట్టుకోవాలంటే ఒక్కో ఫేజులో కరెంటు కొలవాలి, నేమ్‌ప్లేటు మీది అంకెతో పోల్చాలి, కరెంటు మితిమీరితే మోటారును ఆపే ఓవర్‌లోడ్ రిలే స్టార్టర్‌లో ఉంటుంది, దాన్ని ఆ అంకెకు తగ్గట్టు సరిచేయాలి. దశాంశాలు, భాగహారాలు, నాలుగు ఇంగ్లిషు అక్షరాలు రాకుండా ఈ పని జరగదు. ఇవి బడిలో రావలసినవి. షాపు యజమానికి వాటిని నేర్పే తీరిక ఉండదు, చాలాసార్లు ఆయనకూ వచ్చి ఉండవు.

ఇంత గట్టిగా చెప్పడానికి నా సొంత తప్పు కూడా ఒక కారణం. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మా పెద్దనాయన కూతురు తన కొడుకు ఏడో తరగతిలో వెనకబడ్డాడని ఏడుస్తూ వస్తే, వాడి చేతులు చూసి, "అక్కా, వీనికి పని నేర్పించు, బతుకుతడు" అన్నది నేనే. ఒక వైండింగ్ షాపులో కుదిర్చింది కూడా నేనే. ఇవాళ వాడికి సొంత షాపు ఉంది. మా ట్రైనీలను పంపితే ఓపికగా చూపిస్తాడు కూడా. అయితే లైన్‌మన్ పోస్టుల ప్రకటన వచ్చిన రోజున "మామా, నాకెందుకు రాదు?" అని వాడు అడిగిన ప్రశ్నకు ఇప్పటికీ నా దగ్గర సరైన జవాబు లేదు.

అపోహ: వయసు మీరింది, ఇక చదువు కుదరదు.

దీన్ని నమ్మి కుంగిపోయేవారిని చూస్తే జాలి వేస్తుంది. ప్రచారం చేసేవారిని చూస్తే మాత్రం కోపం వస్తుంది. అసలు బడి ముఖం చూడని పదేళ్ళు, పన్నెండేళ్ళ పిల్లలను శిబిరాల్లో ఉంచి, కొన్ని నెలలు చదివించి, వయసుకు తగిన తరగతిలో చేర్చవచ్చని ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ 1990లలోనే రంగారెడ్డి జిల్లాలో చేసి చూపింది. ఆ సంస్థను నడిపించిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్ ఇప్పుడు దాన్నే హక్కుగా ఇస్తోంది: బడి మానేసిన 14 ఏళ్ళలోపు పిల్లవాణ్ణి వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి, వెనకబడిన చదువుకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. గద్వాల వైపు పత్తి విత్తన చేలలో క్రాసింగ్ (పూలకు చేత్తో పుప్పొడి అద్దే) పనికి పోయి చదువు ఆగిన పిల్లలకైనా, పెద్దలతోపాటు వలస వెళ్ళి తిరిగి వచ్చిన పిల్లలకైనా ఇదే వర్తిస్తుంది.

14 ఏళ్ళు దాటినవారికి తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ ఉంది. అక్కడ పదో తరగతి రాయడానికి అంతకుముందు ఫలానా తరగతి పాసై ఉండాలన్న షరతు లేదు, వయసుకు పైపరిమితి కూడా లేదు. ఐటీఐలో చేరడానికి సైతం పై వయసు పరిమితి లేదు. నారాయణపేట తండ్రికి నేను చెప్పిన దారి కూడా ఇదే.

అయితే ఇక్కడ ఒక గుంట ఉంది, చాలామంది అందులో పడుతున్నారు. ఓపెన్ స్కూల్‌లో సబ్జెక్టులు ఎంచుకొనే వీలుంటుంది. "లెక్కలు కష్టం, ఎకనామిక్స్ తీసుకో, పాస్ గ్యారంటీ" అని సలహా ఇచ్చేవారు ప్రతి ఊళ్ళో ఒకరుంటారు. వైండింగ్ షాపు నడుపుతున్న మా మేనల్లుడు కూడా ఆ సలహానే విన్నాడు. పరీక్షలు రాసి పాసయ్యాడు, ఇంట్లో మిఠాయిలు పంచారు. తీరా మెమో తెచ్చి చూపిస్తే అందులో లెక్కలూ లేవు, సైన్సూ లేదు. ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌కు ఆ పది చెల్లలేదు. కాబట్టి ఓపెన్ స్కూల్ దరఖాస్తు నింపేటప్పుడు ఆ రెండు సబ్జెక్టులను వదలకండి, ఎవరు ఏమి చెప్పినా సరే.

మిగిలినవి త్వరగా చెబుతాను. టీసీ లేనిదే బడిలో చేర్చుకోరన్నది ఎనిమిదో తరగతి వరకు అబద్ధం. టీసీ ఆలస్యమైందన్న కారణంతో ప్రవేశం ఆపరాదని విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. ఐటీఐతో చదువు ముగుస్తుందన్నదీ తప్పే: రెండేళ్ళ ట్రేడ్ పూర్తిచేసినవారు ఎల్‌పీసెట్ రాసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో, డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఆరు నెలల్లో ఎలక్ట్రీషియన్ ఐటీఐ సర్టిఫికెట్ ఇప్పిస్తామనే బోర్డులను నమ్మి డబ్బు పోసినవారు ప్రతి సంవత్సరం నా దగ్గరకు వస్తారు. అది రెండేళ్ళ ట్రేడ్, అఖిల భారత ట్రేడ్ టెస్ట్ రాయకుండా జాతీయ సర్టిఫికెట్ రాదు. ఆడపిల్లలకు కుట్టుపని ఒక్కటే తగినదన్న మాటకు జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. నా వర్క్‌షాపుకు వచ్చి చూస్తే సరిపోతుంది. ఇక రాష్ట్రంలోని 65 ఐటీఐలను ఏటీసీలుగా (అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా) మార్చే పని చేపట్టారు గనుక పాత ట్రేడ్‌లన్నీ ఎత్తేశారని వాట్సాప్‌లో తిరిగే మాటను నమ్మి సీటు వదులుకోకండి. సందేహముంటే నేరుగా ఐటీఐకి వచ్చి అడగండి, ఎవరూ కసరరు.

ఆ జూన్ నెల చివర్లోనే మా మేనల్లుడు మళ్ళీ వచ్చాడు. ఈసారి తన షాపులో పనిచేసే పదమూడేళ్ళ పిల్లవాణ్ణి తీసుకొచ్చాడు. బాల కార్మిక నిషేధ చట్టానికి 2016లో చేసిన సవరణ తర్వాత 14 ఏళ్ళలోపు పిల్లలను అలా పనిలో పెట్టుకోవడమే నేరమని ముందు వాణ్ణి గట్టిగా మందలించాను. "అందుకే తెచ్చిన మామా. ఈన్ని బడికి తోలుదామంటే టీసీ లేదని వాపస్ పంపిండ్రు" అన్నాడు. ఒక తెల్లకాగితం మీద విద్యాహక్కు చట్టం 4, 5 సెక్షన్ల సారాంశం రాసి, మరునాడు ఇద్దరితో కలిసి నేనూ ఆ బడికి వెళ్ళాను. ప్రధానోపాధ్యాయుడు కాగితాన్ని రెండుసార్లు చదివి, రిజిస్టరు తీసి, ఎనిమిదో తరగతిలో పేరు రాసుకున్నాడు. షాపులో చెయ్యందించేవాడు లేక మోటార్లు పేరుకుపోతున్నాయని మావాడు నా దగ్గర ఇప్పటికీ గొణుగుతుంటాడు గాని, ఆ పిల్లవాణ్ణి మాత్రం మళ్ళీ పిలవలేదు.