పది నిమిషాల ఖాళీ

సైకలాజికల్ సస్పెన్స్ నవల ఆఖరి పేజీ తిప్పాక పాఠకులు రెండు జట్లుగా విడిపోతారు. భలే బోల్తా కొట్టించారని ఒక జట్టు మురిసిపోతుంది. కథ చెప్పే మనిషే ఇన్ని పేజీలు నమ్మించి చివర్లో నాలిక మడతేయడం మోసమని రెండో జట్టు మండిపడుతుంది. 2012లో జిలియన్ ఫ్లిన్ 'గాన్ గర్ల్' వచ్చాక ఈ గొడవ బాగా ముదిరింది గానీ, ఇది అంతకుముందే, 1926లోనే రాజుకుంది.

(అగాథా క్రిస్టీ 'ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్' ఇంకా చదవనివాళ్లు కింది పేరా దాటేయండి. దాదాపు వందేళ్ల పుస్తకమే అయినా, ఆ థ్రిల్ చెడగొట్టిన పాపం నాకెందుకు.)

అందులో కథ చెప్పేది ఊరి డాక్టరు షెపర్డ్. హత్య జరిగిన రాత్రి ఆక్రాయిడ్ గదిలో ఆయన కూర్చుని ఉండగా ఒక ఉత్తరం వస్తుంది. అది వచ్చింది 8.40కి, తను బయటికి వచ్చింది 8.50కి, అప్పటికీ ఉత్తరం చదవడం పూర్తి కాలేదు అని రాస్తాడు. తలుపు పిడి మీద చెయ్యి వేసి, చేయాల్సింది ఇంకేమైనా మిగిలిందా అని వెనక్కి తిరిగి చూశానని కూడా రాస్తాడు. ఒక్క ముక్క అబద్ధం కాదు. మధ్యలో పది నిమిషాలు లేవు, అంతే. ఆయన హత్య చేసింది ఆ పది నిమిషాల్లోనే. చివరి అధ్యాయంలో ఆ వాక్యాలను తనే ఎత్తి చూపి, ఎంత బాగా రాశానో చూడండని తన భుజం తనే తట్టుకుంటాడు.

ఇది తొండాట అన్నవాళ్లు అప్పట్లో చాలామందే. 1929లో డిటెక్టివ్ రచయిత రోనాల్డ్ నాక్స్ డిటెక్టివ్ కథలకు పది నియమాలు పెట్టాడు. పాఠకుడు ఎవరి ఆలోచనల వెంట నడిచాడో ఆ మనిషే నేరస్తుడు కాకూడదన్నది మొదటి నియమంలోనే ఉంది. షెర్లాక్ హోమ్స్‌కి వాట్సన్‌లా డిటెక్టివ్ పక్కనుండి కథ చెప్పేవాడు తన మనసులో మెదిలింది ఏదీ దాచకూడదని తొమ్మిదోది. నా మటుకు నేను క్రిస్టీ పక్షమే. అబద్ధం చెప్పిస్తే తొండి గానీ, ఖాళీ వదలడం తొండి కాదు. ఆ ఖాళీ మన కళ్లెదుటే ఉంది, మనమే చూసుకోలేదు.

ఈ కథనానికి ఇంకో పాయ కూడా ఉంది, అది ఇంతకన్నా పాతది. 1898లో హెన్రీ జేమ్స్ రాసిన 'ది టర్న్ ఆఫ్ ద స్క్రూ'లో ఇద్దరు పిల్లల్ని చూసుకునే గవర్నెస్ తనకు దయ్యాలు కనిపించాయని చెబుతుంది. అక్కడ దయ్యాలూ లేవు, పాడూ లేదు, అదంతా ఆమె అణచుకున్న కోరికల ఆట అని 1934లో అమెరికన్ విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్ వాదించాడు. షెపర్డ్ తెలిసి దాచాడు. ఈమె విషయంలో, విల్సన్ మాట నిజమైతే, దాస్తున్న సంగతి ఆమెకే తెలీదు. ఇవాళ్టి సైకలాజికల్ సస్పెన్స్ ఈ ఇద్దరికీ పుట్టిన బిడ్డ. తమాషా ఏంటంటే ఇదే విల్సన్ 1945లో, రోజర్ ఆక్రాయిడ్‌ని ఎవరు చంపితే ఎవరిక్కావాలి అనే అర్థం వచ్చే శీర్షికతో డిటెక్టివ్ నవలల్ని ఏకిపారేశాడు!

ఇలాంటివాళ్లకు 'నమ్మదగని కథకుడు' అన్న పేరు 1961లో సాహిత్య విమర్శకుడు వేన్ బూత్ పెట్టాడు. రచన వెనక మనం ఊహించుకునే రచయిత విలువలతో కథకుడి మాట పొసగకపోతే అతను నమ్మదగనివాడని లెక్క. ఆ విలువల్ని తేల్చేదెవరు? తామర్ యాకోబీ, ఆన్స్‌గర్ న్యూనింగ్ లాంటి తర్వాతి విమర్శకులు తీర్పును పాఠకుడి చేతిలో పెట్టారు. కథలో లెక్క కుదరని చోట మనమే కథకుణ్ణి అనుమానించి లెక్క సరిచేసుకుంటామని వాళ్ల వాదన. 1999లో జేమ్స్ ఫెలన్, మేరీ మార్టిన్ ఈ నమ్మదగనితనంలో ఆరు రకాలు చెప్పారు. వాటిలో తప్పుగా చెప్పడం వేరు, తక్కువ చెప్పడం వేరు. మన డాక్టరుగారు ఆ పది నిమిషాల దగ్గర చేసింది రెండోది.

థియరీల కంటే నాకు ఎక్కువ పనికొచ్చేవి పాత కథల పోలికలు. కథకుడు దాచగలిగినదంతా దాచినా, తన కథ ఏ పాత కథలా నడుస్తోందో దాచలేడు. డాఫ్నీ డు మారియర్ 'రెబెకా' (1938) చూడండి. డబ్బులేని అమ్మాయి, వయసులో పెద్దవాడైన ధనవంతుడు, పెద్ద భవనం, మొదటి భార్య నీడ, చివరికి మంటలు. అన్నీ 1847 నాటి 'జేన్ ఐర్'లో ఉన్నవే. రెండూ పక్కపక్కన పెడితే ఒక సంగతి గుచ్చుకుంటుంది. మొదటి భార్య చెడ్డదనో పిచ్చిదనో మనకు చెప్పేది భర్తే, నమ్మేది అతన్ని ప్రేమిస్తున్న కథకురాలు. 1966లో జీన్ రీస్ 'వైడ్ సర్గాసో సీ'లో జేన్ ఐర్‌లోని ఆ మొదటి భార్య చేత మాట్లాడించింది. అది చదివాక 'రెబెకా'ని మళ్లీ పాత నమ్మకంతో చదవడం నావల్ల కాలేదు.

అలెక్స్ మైకెలిడీస్ 'ది సైలెంట్ పేషెంట్' (2019) ఈ పోలికను బాహాటంగానే పెట్టుకుంది. భర్తను కాల్చి ఆపై నోరు విప్పని చిత్రకారిణి తన బొమ్మ తనే గీసి, దానికి 'అల్సెస్టిస్' అని పేరు పెడుతుంది. కథ చెప్పేది మాత్రం ఆమె కాదు, ఆమెను మాట్లాడించాలని వచ్చిన సైకోథెరపిస్టు. ఆ పేరు గ్రీకు నాటకకర్త యూరిపిడీస్ నాటకానిది, క్రీ.పూ. 438 నాటిది. అందులో భర్త అడ్మెటస్ బదులు చావడానికి ఒప్పుకున్న అల్సెస్టిస్‌ను వీరుడు హెరాక్లీస్ మృత్యువు నుంచి వెనక్కి తెస్తాడు. ఆమె మౌనంగా నిలబడుతుంది. ఎందుకు మాట్లాడదని అడ్మెటస్ అడుగుతాడు. అడిగింది హెరాక్లీస్‌ని. ఆమెను కాదు.