మను దిబాంగో సాక్సోఫోన్: అపోహలు - వాస్తవాలు

నేను సాక్సోఫోన్ నేర్పుతాను. కొత్తగా చేరినవారికి మొదటి నెలలోనే కామెరూన్ కళాకారుడు మను దిబాంగో వాయిద్యం వినిపిస్తాను. వింటూ ఉండగానే పాదాలు తాళం వేయడం మొదలుపెడతాయి. ఆ తర్వాత వచ్చే మాటలు మాత్రం ఏటా అవే. వాటికి ఒకచోట సమాధానం రాయాలనిపించింది.

అపోహ: ఆఫ్రికా వాళ్లకు లయ రక్తంలోనే ఉంటుంది. సాధన అక్కర్లేదు.

ఈ మాట పొగడ్తలాగే వినిపిస్తుంది, కానీ ఒక మనిషి జీవితకాలపు శ్రమను తుడిచేస్తుంది. దిబాంగో 1933లో డువాలా నగరంలో పుట్టారు. ఆయన సంగీతానికి తొలి బడి ప్రొటెస్టెంట్ చర్చి. చదువు కోసం 1949లో ఫ్రాన్స్‌కు పంపినప్పుడు వెంట 3 కిలోల కాఫీ ఇచ్చారు, బస ఇచ్చే కుటుంబానికి రుసుముగా. ఆయన ఆత్మకథ పేరు కూడా ఆ మూడు కిలోల కాఫీయే. ఫ్రాన్స్‌లో పియానో నేర్చుకున్నారు, సాక్సోఫోన్ పట్టుకున్నారు. తోటి కామెరూన్ యువకుడు ఫ్రాన్సిస్ బెబే ద్వారా జాజ్ ఓనమాలు దిద్దారు. 1956లో పరీక్ష తప్పడంతో తండ్రి డబ్బు పంపడం మానేశారు. బ్రస్సెల్స్ చేరి, రాత్రి క్లబ్బుల్లో వాయిస్తూ పొట్టపోసుకున్నారు. ప్రపంచానికి ఆయన పేరు తెలిసిన పాట ‘సోల్ మకోసా’ వచ్చింది 1972లో. మధ్యలో గడిచిన పదహారేళ్ల రాత్రులను లెక్కలోకి తీసుకోకుండా ‘రక్తంలోనే ఉంది’ అనడం నాకు బాధ కలిగిస్తుంది.

అపోహ: జాజ్ అమెరికాది. ఆఫ్రికా వాళ్లది అనుకరణ.

దిబాంగో 1961లో కాంగో వెళ్లి జోసెఫ్ కబసెలే బృందంతో పనిచేశారు. ఆ బృందం పేరు ఆఫ్రికన్ జాజ్, వాయించింది మాత్రం క్యూబా మూలాలున్న నృత్య సంగీతం రుంబా. ఆఫ్రికా నుంచి బానిసలతో క్యూబాకు చేరిన లయలు, రికార్డుల రూపంలో తిరిగి కాంగో చేరి కొత్త సంగీతమయ్యాయి. ఇందులో ఎవరిది మూలం, ఎవరిది నకలు? సాక్సోఫోన్‌నే తీసుకోండి. దాన్ని తయారుచేసిన అడాల్ఫ్ సాక్స్ బెల్జియంవాడు. కర్ణాటక సంగీత విద్వాంసుడు కద్రి గోపాల్‌నాథ్ అదే వాయిద్యంలో గమకాలు పలికిస్తే మనం బెల్జియం అనుకరణ అన్నామా? దిబాంగోకూ ఆ న్యాయమే వర్తించాలి.

అపోహ: మైకేల్ జాక్సన్ ‘వానా బీ స్టార్టిన్ సమ్‌థిన్’ పాట చివర వచ్చే ‘మమాసే మమాసా మమాకోసా’ అనే పలుకులు స్వాహిలీ మంత్రం.

స్వాహిలీ కాదు, మంత్రమూ కాదు. మకోసా అంటే డువాలా నగరంలో పుట్టిన నృత్య సంగీతం. ‘సోల్ మకోసా’ పాటలో ఆ పేరునే ముక్కలు చేసి, అక్షరాలను దరువులా పలికించారు దిబాంగో. జాక్సన్ పాటలో వినిపించేవి ఆ పలుకులే. మృదంగం జతులు నోటితో పలికే సంప్రదాయం తెలిసిన మనకు ఇది వెంటనే అర్థం కావాలి.

ఆ పాట ప్రయాణం కూడా చెప్పాలి. 1972 ఆఫ్రికా ఫుట్‌బాల్ కప్పు కామెరూన్‌లో జరిగింది. దాని కోసం దిబాంగో ఒక గీతం చేశారు. రికార్డుకు రెండో వైపు ఖాళీగా వదలకూడదు కాబట్టి ‘సోల్ మకోసా’ చేర్చారు. ఆతిథ్య జట్టు సెమీఫైనల్లో ఓడిపోయింది, గీతం మరుగున పడింది. న్యూయార్క్‌లో డేవిడ్ మంకూసో అనే రికార్డు ప్రియుడికి బ్రూక్లిన్‌లోని ఒక కరీబియన్ దుకాణంలో ఆ రికార్డు దొరికింది. ఆయన తన నృత్య విందుల్లో వేశారు. తర్వాత రేడియోలో ఫ్రాంకీ క్రోకర్ పదేపదే వినిపించారు. జనం దుకాణాల మీద పడ్డారు, ఉన్న కొద్ది కాపీలూ అయిపోయాయి. అసలుది దొరకక ఇతర బృందాలు తమ సొంత రికార్డులు చేసి అమ్ముకున్నాయి. చివరికి అట్లాంటిక్ సంస్థ హక్కులు తీసుకుంది. 1973లో అమెరికాలో పాటల ఆదరణను లెక్కించే బిల్‌బోర్డ్ పట్టికలో 35వ స్థానం వరకు వెళ్లింది. పదేళ్లకు జాక్సన్ గొంతులో అవే పలుకులు వినిపించినప్పుడు దిబాంగో ఊరుకోలేదు. ఆ వివాదం కోర్టు బయట పరిష్కారమైంది.

అపోహ: ఆయనది ఒక్క పాట కీర్తి.

1975 నుంచి 1979 వరకు ఐవరీ కోస్ట్ రేడియో-టెలివిజన్ వాద్యబృందాన్ని నడిపారు. జమైకా వెళ్లి రెగే కళాకారులతో రికార్డు చేశారు, అమెరికా జాజ్ పియానిస్టు హెర్బీ హాంకాక్‌తో కలిసి పనిచేశారు. 2019లో, 85 ఏళ్ల వయసులో కూడా సింఫనీ వాద్యబృందంతో వేదికలెక్కారు. మరుసటి ఏడాది మార్చి 24న కరోనా ఆయనను తీసుకుపోయింది.

అపోహ: జాజ్‌లో మనోధర్మం అంటే తోచింది ఊదడమే.

ఈ భ్రమ పోగొట్టడానికే నేను దిబాంగోను ఎంచుకుంటాను. ‘సోల్ మకోసా’లో సాక్సోఫోన్ వాయించేవి పొట్టి పదబంధాలు. నాలుగు స్వరాలు, ఆపు. మళ్లీ అవే, మళ్లీ ఆపు. కష్టమంతా ఆ ఆపులోనే ఉంది. రీడు (నోటి దగ్గర కంపించే పలుచని రేకు) మీద నాలుక ఎక్కడ తగలాలో, ఎప్పుడు తీయాలో ఒక్క క్షణం తేడా వచ్చినా కింద నడిచే బాస్ గిటార్‌తో పొత్తు చెడుతుంది. ఆ బొంగురు ధ్వని సంగతి కూడా అడుగుతుంటారు. ఊదుతూనే గొంతులో కూనిరాగం తీస్తే సాక్సోఫోన్ అలా గరగరలాడుతుంది. వినడానికి సులువుగానే ఉంటుంది, శ్రుతి తప్పకుండా చేయడానికి నాకు రెండేళ్లు పట్టింది.

అందుకే మా తరగతిలో మొదటి అభ్యాసం ఇది: ఆ నాలుగు స్వరాల పదబంధాన్ని, తాళం కొట్టే యంత్రం మెట్రోనోమ్ పెట్టుకుని, ఒక్క స్వరమూ కలపకుండా పది నిమిషాలు వాయించాలి. మూడో నిమిషానికే చాలామంది ఏదో ఒకటి కలిపేస్తారు. అప్పుడు మళ్లీ మొదటి నుంచి.