బోదకాలు నీళ్లతో రాదు

నల్లగొండలో ఏ కాలికి ఏమైనా నింద నీళ్ల మీదికే పోతుంది. ఫ్లోరైడ్‌తో ఇన్నేళ్లు వేగిన జిల్లా కాబట్టి అనుమానం సహజమే. కానీ ఫ్లోరైడ్ పాడుచేసేది ఎముకలనూ పళ్లనూ. బోదకాలు తెచ్చేది క్యూలెక్స్ దోమ మోసుకొచ్చే దారంలాంటి పురుగు. ల్యాబ్ టెక్నీషియన్‌గా రాత్రిపూట ఊళ్లు తిరుగుతూ, ఈ పురుగు ఉందో లేదో చూడటానికి సూది గుచ్చి రక్తపు చుక్క తీసేటప్పుడు నేను తరచూ వినే మాటలు కొన్ని చెప్తాను.

"కాలు మంచిగనే ఉంది సారూ, నాకెందుకు సూది?"

మాకు కావలసింది ఆ మంచి కాళ్లవాళ్లే. కాలు బాగా వాచినవాళ్ల రక్తంలో చాలాసార్లు ఆ పురుగు పెట్టే పిల్లపురుగులు కనిపించవు. ఏ బాధా లేకుండా పొలానికి పోయేవాళ్లలో దొరుకుతాయి. దోమకు అవి ఎక్కేది వీళ్ల నుంచే.

"పగలు రావచ్చు కదా, నిద్ర చెడగొట్టుడెందుకు?"

పగలు ఆ పిల్లపురుగులు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుంటాయి. క్యూలెక్స్ కుట్టే వేళకు, అంటే రాత్రిపూట, చర్మం దగ్గరికి వస్తాయి. తాజా రక్తపు చుక్కను మైక్రోస్కోప్ కింద పెడితే ముందు పురుగు కనిపించదు. ఎర్రకణాలు పక్కకు జరగడం కనిపిస్తుంది, గడ్డిలో పాము పోతున్నట్టు.

"వాచిన కాలున్నవాళ్లను కుట్టిన దోమ మనల్ని కుడితే అయిపోయినట్టే."

కాదు. దోమ లోపల ఆ పిల్లపురుగు ఎదగడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. సూదిమందులా లోపలికి ఎక్కదు కూడా. దోమ కుట్టేటప్పుడు చర్మం మీద పడి, ఆ గాటులోంచి తనే పాకి లోపలికి పోతుంది. నెలల తరబడి ఎన్నో కాట్లు పడితే గానీ జబ్బు కుదురుకోదు. మలేరియా అట్లా కాదు. ఆ క్రిమి దోమలోనే వేలల్లో పెరుగుతుంది, ఒక్క కాటు చాలు. మలేరియా క్రిమి దోమలో పెరుగుతుందని బ్రిటిష్ డాక్టర్ రోనాల్డ్ రాస్ 1897లో కనుక్కున్నది మన సికింద్రాబాద్‌లోనే.

ఇక తాకితే అంటుకోవడం, కలిసి తింటే రావడం, ఇవన్నీ ఉత్త మాటలు.

క్యూలెక్స్‌కు మురికినీళ్లు కావాలి. మోరీ సంగతి అందరికీ తెలుసు, సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టం మాత్రం ఎవరూ చూడరు. దాని మూతికి జాలి గుడ్డ కట్టండి.

"మాత్రలు వేసుకుంటే జ్వరమొస్తది."

ఈ పురుగును చంపడానికి మేమిచ్చే మాత్రలతో కొందరికి వస్తుంది, చచ్చే పురుగుల వల్ల. ఒకట్రెండు రోజుల్లో తగ్గుతుంది. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, బాగా జబ్బుగా ఉన్నవాళ్లకు ఇవ్వం. మిగతావాళ్లు తిన్నాక మా ముందే మింగాలి. పోయినేడు ఇచ్చిన మాత్రలు ఒక ఇంట్లో దేవుడి పటం వెనక అట్లాగే ఉన్నాయి మరి.