ఫ్రాటర్నిటీ ఇంటికి చలికాలం వస్తే: అపోహలు, వాస్తవాలు

మినియాపోలిస్‌లో మినెసోటా విశ్వవిద్యాలయం పక్కనే, యూనివర్సిటీ అవెన్యూ వెంట పెద్ద పెద్ద పాత ఇళ్లు వరుసగా ఉంటాయి. గుమ్మాల పైన గ్రీకు అక్షరాలు, మెట్ల పక్కన సైకిళ్లు, లోపల పదుల సంఖ్యలో కుర్రాళ్లు. ఫ్రాటర్నిటీలంటే గ్రీకు అక్షరాలే పేర్లుగా పెట్టుకున్న విద్యార్థి సంఘాలు, వాటి సభ్యులు కలిసి ఉండే ఇళ్లు ఇవే. చాలావాటి వయసు వందేళ్లకు అటూ ఇటూ. ఇలాంటి ఇళ్ల బాయిలర్లను (నీటిని కాచి ఇంటిని వేడి చేసేవి), పైపులను, పైకప్పులను చలికాలానికి సిద్ధం చేయడం నా వృత్తి.

ఇల్లు సాధారణంగా విశ్వవిద్యాలయానిది కాదు, అందులో ఉండే విద్యార్థులదీ కాదు. పూర్వ సభ్యులు నడిపే హౌస్ కార్పొరేషన్‌ది. ఆ పూర్వ సభ్యుల్లో చాలామంది వేరే ఊళ్లలో స్థిరపడి ఉంటారు. ఇంట్లో ఉండి బాగోగులు చూడవలసిన హౌస్ మేనేజర్ ఇరవై ఏళ్ల విద్యార్థి. ఏ వాల్వు దేనిదో అతనికి తెలిసివచ్చేసరికి పదవీకాలం అయిపోతుంది, మరుసటి ఏడు పట్టా పుచ్చుకుని వెళ్లిపోతాడు. తరువాత వచ్చినవాడికి దక్కేవి ఒక తాళాల గుత్తి, కొన్ని వదంతులు. తాళాల సంగతి పక్కన పెట్టి ఆ వదంతుల సంగతి చూద్దాం.

అపోహ: సెలవుల్లో ఇల్లు ఖాళీ కాబట్టి హీటింగ్ ఆపేస్తే గ్యాసు డబ్బులు మిగులుతాయి.

డిసెంబరు మూడో వారం నుంచి జనవరి మధ్య దాకా సెలవులు. ఏడాదిలో అతి చల్లని వారాలు మొదలయ్యే సమయానికే ఇల్లు ఖాళీ అవుతుంది. ఈ ఊళ్లో 2019 జనవరి 30న ఉష్ణోగ్రత మైనస్ 28 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే దాదాపు మైనస్ 33 సెల్సియస్‌కు పడిపోయింది. ఖాళీ ఇంట్లోనైనా థర్మోస్టాట్‌ను (ఇంటి వేడిని నియంత్రించే పరికరం) 55 ఫారెన్‌హీట్ (సుమారు 13 సెల్సియస్) కంటే దించకూడదన్నది అందరూ చెప్పే నియమం. పాత ఇళ్లకు నేను 60 ఉంచమంటాను. థర్మోస్టాట్ తానున్న గోడ సంగతి మాత్రమే చెబుతుంది. అది హాల్లో ఉంటుంది. గడ్డకట్టే పైపు మాత్రం వంటింటి సింకు వెనక బయటి గోడలోనో, వరండా పైన కట్టిన స్నానాల గది అడుగునో ఉంటుంది. అక్కడికి హాల్లోని వెచ్చదనం చేరదు. అందుకే వెళ్లేముందు సింకుల కింది అల్మరా తలుపులు, గదుల తలుపులు అన్నీ తెరిచి ఉంచాలి. తాళం వేసుకుని వెళ్లిన గదే తరచు ముందుగా మునుగుతుంది.

పైపు పగిలే తీరు గురించి కూడా ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది, ఆ ఉబ్బే పైపును చీలుస్తుందని అనుకుంటారు. చాలాసార్లు జరిగేది వేరు. మంచు పైపులో బిరడాలా అడ్డుపడి పెరుగుతూ, తనకూ మూసి ఉన్న కుళాయికీ మధ్య చిక్కిన నీటిని నొక్కుతుంది. ఆ ఒత్తిడికి పైపు ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ చీలుతుంది. మంచు కట్టినది ఒకచోట, పగులు ఇంకొకచోట ఉండేది అందుకే. గట్టి చలి రోజుల్లో కుళాయిని సన్నని ధారగా వదిలి ఉంచమనేదీ ముఖ్యంగా ఆ ఒత్తిడి తగ్గడానికే. చీలిక పడిన రోజు చుక్క నీరు కారదు. మంచు కరిగిన రోజు మూడు అంతస్తులూ కారతాయి.

గడ్డకట్టిన పైపు కనిపిస్తే కుళాయి తెరిచి, కుళాయి వైపు నుంచి మొదలుపెట్టి హెయిర్ డ్రయ్యర్‌తో నెమ్మదిగా వేడి చేయండి. గ్యాసు మంట దగ్గరకు రానివ్వవద్దు. వందేళ్లు ఎండిన చెక్క గోడ లోపల అంటుకున్న నిప్పు బయటికి కనిపించేసరికి చాలా ఆలస్యమవుతుంది.

ఇక డబ్బు మాట. అమెరికాలో ఇళ్ల బీమా పాలసీల్లో సాధారణంగా ఒక షరతు ఉంటుంది: ఇంట్లో వేడి నిలిపి ఉంచేందుకు తగిన జాగ్రత్త తీసుకోవాలి, లేదా నీరు కట్టేసి పైపులు ఖాళీ చేయాలి. రెండూ చేయకపోతే గడ్డకట్టి పగిలిన నష్టానికి పరిహారం దక్కకపోవచ్చు. నెల గ్యాసు బిల్లులో మిగిలే డబ్బును దాని పక్కన పెట్టి చూసుకోండి.

అపోహ: మెయిన్ వాల్వు కట్టేస్తే ఇక భయం లేదు.

మామూలు ఇంటికి ఇది చాలావరకు మంచి సలహాయే. సంక్రాంతికి నెల రోజులు ఊరెళ్లే మన తెలుగు కుటుంబాలకు నేను చెప్పేదీ ఇదే: మెయిన్ కట్టండి, అన్నిటికంటే కింది అంతస్తులోని కుళాయి, పైఅంతస్తులోని కుళాయి తెరిచి పైపుల్లో మిగిలిన నీటిని వదిలేయండి, టాయిలెట్ ట్యాంకు ఖాళీ చేయండి, హీటింగ్ మాత్రం ఆపకండి. తాళం ఒక స్నేహితుడికి ఇచ్చి, రెండు మూడు రోజులకొకసారి లోపలికి వెళ్లి చూసిరమ్మనండి. ఫోనులో కనిపించే ఉష్ణోగ్రత ఒక్కదాన్ని నమ్ముకోవద్దు. కరెంటు పోతే వైఫై పోతుంది, హీటరూ ఆగుతుంది. సమాచారం అవసరమైన సమయంలోనే అది రాదు.

ఫ్రాటర్నిటీ ఇల్లు అంత సులువు కాదు. బాయిలర్‌కు తగ్గిన నీటిని తనంతట తాను నింపుకునే ఏర్పాటు ఉంటుంది. మెయిన్ కట్టేస్తే దానికీ నీరు అందదు. నీరు తగ్గితే రక్షణ స్విచ్ బర్నర్‌ను ఆపుతుంది, ఇల్లు చల్లబడుతుంది. రక్షణ స్విచ్ చెడిపోయి ఉంటే అంతకంటే ఘోరం: బాయిలర్ ఎండి కాలుతుంది. అలా కాలిన బాయిలర్‌లో ఎట్టి పరిస్థితిలోనూ చన్నీళ్లు పోయకూడదు. బర్నర్ ఆపి, దానంతట అదే చల్లారే దాకా ఆగాలి.

రెండోది, మంటలార్పే స్ప్రింక్లర్ల లైను. దాని వాల్వు వేరుగా ఉంటుంది. పైపు గడ్డకడుతుందన్న భయంతో దాన్ని ఎవరూ తిప్పకూడదు. 1996 మే 12న, స్నాతకోత్సవం రోజు తెల్లవారుజామున, నార్త్ కరోలినాలోని చాపెల్ హిల్‌లో ఫై గామా డెల్టా ఇల్లు తగలబడి ఐదుగురు విద్యార్థులు చనిపోయారు. ఆ ఇంట్లో స్ప్రింక్లర్లు లేవు. ఆ తరువాతే ఆ పట్టణం ఇలాంటి ఇళ్లన్నిటికీ వాటిని తప్పనిసరి చేసింది. నీరు నిండి ఉండే స్ప్రింక్లర్ పైపు వెళ్లే ప్రతి చోటా కనీసం 40 ఫారెన్‌హీట్ (4 సెల్సియస్‌కు కాస్త పైన) ఉండాలి. అటక మీద ఆ వెచ్చదనం నిలవదు కనుక అక్కడ గాలితో నింపిన పొడి పైపులు వేస్తారు. వాటిలో గడ్డకట్టడానికి నీరే ఉండదని ధీమాగా ఉంటారు. కానీ చెమ్మ చేరి పల్లపు చోట్ల నీరు నిలుస్తుంది. ఆ పల్లాల దగ్గరి చిన్న డ్రెయిన్లను తొలి గడ్డకట్టే రాత్రికి ముందే ఖాళీ చేయాలి. వాటి జాబితా ఒకటి రాసి వాల్వు పక్కన తగిలించండి. వచ్చే ఏడాది వచ్చేవాడికి అదొక్కటే వారసత్వం.

అపోహ: ఒక స్ప్రింక్లర్ తెరుచుకుంటే ఇల్లంతా తడుస్తుంది.

సినిమాల పుణ్యం. ఈ ఇళ్లలోని స్ప్రింక్లర్లు దేనికదే తెరుచుకుంటుంది, అదీ తన దగ్గర వేడి సుమారు 155 ఫారెన్‌హీట్ (68 సెల్సియస్) దాటినప్పుడు. పొగకు, అలారానికి తెరుచుకోదు. హాంగరుకు వేసిన చొక్కాను దానికి తగిలిస్తే మాత్రం విరిగి తెరుచుకోగలదు. ఈ పని మానమని చెప్పని సంవత్సరం లేదు.

అపోహ: రేడియేటర్ (బాయిలర్ నుంచి వచ్చే వేడిని గదికి ఇచ్చే పరికరం) చప్పుడు చేస్తోందంటే ముసలిదైపోయిందన్నమాట. వాల్వు సగం మూస్తే గది కాస్త చల్లబడుతుంది, చప్పుడూ తగ్గుతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన అపోహ ఇది. పాత ఇళ్లలో చాలాచోట్ల ఒకే పైపు మీద నడిచే ఆవిరి రేడియేటర్లు ఉంటాయి. కింది నుంచి ఆవిరి వచ్చేదీ, చల్లారి నీరై తిరిగి దిగేదీ ఆ ఒక్క దారిలోనే. వాల్వు సగం మూస్తే ఎదురొచ్చే ఆవిరిని తోసుకుని నీరు దిగలేదు. రేడియేటర్‌లో నిలుస్తుంది. ఆవిరి ఆ నీటిని పట్టి విసిరితే పుట్టేదే అర్ధరాత్రి సుత్తి దెబ్బల మోత. కాబట్టి ఆ వాల్వు పూర్తిగా తెరిచి ఉండాలి, లేదా పూర్తిగా మూసి ఉండాలి. మధ్యస్థం లేదు. గది మరీ వేడెక్కితే రేడియేటర్ పక్కనున్న గాలి వెంటును మార్చి, నెమ్మదిగా గాలి వదిలేదాన్నో, ఉష్ణోగ్రతను బట్టి మూసుకునేదాన్నో పెట్టుకోవచ్చు. దాని ధర పెద్దదేమీ కాదు.

చప్పుడుకు రెండో కారణం వాలు. రేడియేటర్ వాల్వు వైపుకు కాస్త ఒరిగి ఉండాలి. ఏళ్ల తరబడి కాళ్లు నేలలోకి దిగి, వాలు తిరగబడుతుంది. వాల్వుకు ఎదుటి వైపు కాళ్ల కింద చిన్న చెక్క ముక్క పెడితే సరి. ఇంత చిన్న పనికి బదులు, మొత్తం వ్యవస్థనే మార్చేయమని చెప్పే కాంట్రాక్టర్లున్నారు.

మరో ముచ్చట: పై గదులు వేడెక్కడం లేదని బాయిలర్ పీడనం పెంచుతారు. ఇంటిని వేడి చేయడానికి చదరపు అంగుళానికి రెండు పౌండ్ల లోపు పీడనమే చాలు. పెంచితే గ్యాసు ఖర్చు పెరుగుతుంది తప్ప వేడి పెరగదు. పై గదికి ఆవిరి రావడం లేదంటే దారిలో గాలి పోవడం లేదని అర్థం. ఎవరో రేడియేటర్‌తో పాటు వెంటుకు కూడా రంగు వేసి ఉంటారు, చూడండి.

అపోహ: వేడంతా కిటికీల గుండా పోతుంది, ముందు వాటిని మార్చాలి.

పూర్వ సభ్యుల విరాళాలన్నీ కరిగిపోయేది ఇక్కడే. పాత చెక్క కిటికీకి సందులు మూసి, బయట స్టార్మ్ కిటికీ (చలిగాలిని ఆపే అదనపు కిటికీ) ఒకటి బిగిస్తే చాలావరకు పని జరుగుతుంది. వెచ్చని గాలి పైకి ఎగబాకి అటకలోని సందుల గుండా బయటపడుతుంది. అది పోయిన మేరకు కింద బేస్‌మెంట్ పగుళ్ల గుండా చలిగాలి లోపలికి వస్తుంది. మూడంతస్తుల ఇంట్లో ఈ లాగుడు ఇంకా ఎక్కువ. అందుకే ముందు అటక నేలలో పైపులు, వైర్లు, పొగగొట్టం వెళ్లే చోట్ల సందులు మూయాలి (పొగగొట్టం చుట్టూ మంటకు తాళే సామగ్రితోనే), ఆ తరువాత ఇన్సులేషన్ (వేడిని పోనివ్వని పొర) పరచాలి. తిరగేసి చేస్తే డబ్బు దండగ.

చూరు నుంచి వేలాడే పొడవాటి మంచు కడ్డీలను ఫొటోలు తీసి సంబరపడేవాళ్లకు ఒక మాట. ఆ కడ్డీలు అటక లోపల వేడి పోతోందని చెబుతున్నాయి. ఆ వేడికి కప్పు మీది మంచు కరిగి, చల్లగా ఉన్న చూరు దగ్గరకు రాగానే మళ్లీ గడ్డకట్టి గట్టు కడుతుంది. వెనక నిలిచిన నీరు షింగిల్స్ (కప్పు మీద పరిచిన పలకలు) కిందికి పాకి గోడల్లోకి దిగుతుంది. గొడ్డలితో ఆ గట్టు కొట్టకండి, షింగిల్స్ కూడా పోతాయి. నేల మీద నిలబడి పొడవాటి కర్ర ఉన్న రూఫ్ రేక్‌తో చూరు దగ్గరి మంచును లాగేయడం తాత్కాలిక వైద్యం. అసలు వైద్యం అటకలోనే.

అటక ఎక్కేముందు రెండు హెచ్చరికలు. బూడిద, బంగారు రంగుల్లో మెరిసే గులకరాళ్ల వంటి పాత ఇన్సులేషన్ కనిపిస్తే కదపకండి. అది వర్మిక్యులైట్ అనే ఖనిజం కావచ్చు. ఒకప్పుడు అమెరికాలో వాడిన వర్మిక్యులైట్‌లో సింహభాగం మోంటానాలోని లిబ్బీ గని నుంచి వచ్చింది. ఆ గనిలో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ కూడా ఉండేది. గని 1990లో మూతపడినా సరుకు ఇంకా అటకల్లో ఉంది. రెండోది, పింగాణీ గుబ్బల మీదుగా విడివిడిగా సాగే పాత కరెంటు తీగలు. వాటి మీద ఇన్సులేషన్ కప్పితే వేడి బయటికి పోలేక ప్రమాదం. ఎలక్ట్రీషియన్ చూసేదాకా ఆ పని ఆపండి.

అపోహ: గది చల్లగా ఉంటే ఒక చిన్న ఎలక్ట్రిక్ హీటర్ పెట్టుకుంటే సరిపోతుంది.

మామూలు హీటర్ 1,500 వాట్లు. ఇక్కడి 120 వోల్టుల మీద అది 12.5 ఆంపియర్లు లాగుతుంది. పాత ఇంట్లో రెండు మూడు గదులకు కలిపి ఒకే 15 ఆంపియర్ల సర్క్యూట్ ఉండడం మామూలే. పక్క గదివాడూ హీటర్ పెడితే బ్రేకర్ పడిపోతుంది, అది మంచి రోజు. ఎక్స్‌టెన్షన్ తీగ మీద నడిపితే ఆ తీగ తివాచీ కింద కాలుతుంది, అది చెడ్డ రోజు. గోడ సాకెట్‌కే నేరుగా పెట్టాలి, మూడడుగుల దూరంలో మంటంటుకునేవి ఉండకూడదు, నిద్రపోయేముందు ఆపాలి. క్యాంపస్ చుట్టుపక్కల పాత ఇళ్లలో ఆరుగురేసి అద్దెకుండే మన విద్యార్థులకూ ఇది అక్షరాలా వర్తిస్తుంది. గది చల్లగా ఉందని ఇంటి యజమానికి రాతపూర్వకంగా చెప్పండి. హీటింగ్ ఇవ్వడం ఆయన బాధ్యత.

అపోహ: కార్బన్ మోనాక్సైడ్ బరువైన వాయువు, అలారం నేల దగ్గర పెట్టాలి.

అది గాలి కంటే రవ్వంత తేలిక, గదంతా కలిసిపోతుంది. తయారీదారు చెప్పిన ఎత్తులో, పడక గదుల దగ్గర, ప్రతి అంతస్తులో అలారం ఉండాలి. ఇంటిని వేడి చేసే కొత్త రకం ఫర్నేసుల పొగ గొట్టాలు ప్రక్క గోడలోంచి, నేలకు దగ్గరగా బయటికి వస్తాయి. మంచు తుఫాను తరువాత ముందు తవ్వవలసింది కారును కాదు, ఆ గొట్టం చుట్టూ. ఇక వంటింట్లో పెద్ద ఎగ్జాస్టు నడుస్తున్నప్పుడు, చలిగాలి వస్తోందని వంటవాళ్లు బయటి గాలి వచ్చే దారికి అట్ట అడ్డం పెడతారు. అప్పుడు ఆ ఫ్యాను వాటర్ హీటర్ పొగను దాని గొట్టంలోంచే వెనక్కి లాగగలదు.

అపోహ: ఎక్కువ ఉప్పు చల్లితే ఎక్కువ మంచు కరుగుతుంది.

మామూలు రాతి ఉప్పు దాదాపు 15 ఫారెన్‌హీట్ (మైనస్ 9 సెల్సియస్) కంటే కింద సరిగా పనిచేయదు. బస్తా గుమ్మరించినా లాభం లేదు, మెట్ల కాంక్రీటు పెచ్చులూడడం తప్ప. అంతకంటే చలి ఉంటే కాల్షియం క్లోరైడ్, లేదా జారకుండా ఇసుక. ఏదైనా సరే, ముందు పారతో తీశాకే.

అపోహ: బయటి కుళాయి గడ్డకట్టని రకం కనుక దాని జోలికి వెళ్లనక్కరలేదు.

ఆ కుళాయి వాల్వు గోడ లోపల, వెచ్చని చోట ఉంటుంది. కట్టగానే బయటి భాగంలోని నీరు కారిపోవాలి. తోట గొట్టం తగిలించే వదిలేస్తే ఆ నీరు కారదు, లోపలే గడ్డకట్టి కుళాయి పైపును గోడలోనే చీలుస్తుంది. శీతాకాలమంతా ఏమీ తెలియదు. మే నెలలో కారు కడుగుదామని కుళాయి తిప్పితే బేస్‌మెంట్‌లో నీరు పడుతుంది. గొట్టం విప్పడానికి నిమిషం చాలు. అక్టోబరు మొదటి వారంలోనే విప్పించండి.