స్పిరిట్టూ నీళ్లూ కలిపితే ఎంత?

కావలి, ఒంగోలు తీరం వెంట రొయ్యల హేచరీలు ఉన్నచోటల్లా పీసీఆర్ ల్యాబులు (డీఎన్ఏని బట్టి వైరస్‌ని పసిగట్టేవి) కూడా వెలిశాయి. సీడు కొనేముందు తెల్లమచ్చ వైరస్ ఉందో లేదో చూపించుకోవడం రైతులకు మామూలైపోయింది. ఆ ల్యాబుల్లో బల్ల తుడవడానికీ డీఎన్ఏ కడగడానికీ వాడేది 70 శాతం ఆల్కహాల్. క్యానులో వచ్చే స్పిరిట్టేమో 96 శాతం. కొత్తగా చేరిన కుర్రాడు లెక్క వేస్తాడు: లీటరులో 70 శాతమంటే 700 మి.లీ., 700ని 0.96తో భాగిస్తే 729. కాబట్టి 729 మి.లీ. స్పిరిట్టు, 271 మి.లీ. నీళ్లు. జాగ్రత్తగా కొలిచి లీటరు ఫ్లాస్కులో పోస్తాడు. మట్టం గీతను అందుకోదు. పాతిక మి.లీ. వెలితి.

ఒలికిందీ లేదు, ఆవిరైందీ లేదు. 729 గ్రాములూ 271 గ్రాములూ కలిపితే వెయ్యి గ్రాములవుతాయి గానీ, మి.లీ.లకు ఆ హామీ లేదు. బరువు ఎక్కడికీ పోదు, చోటు మాత్రం తగ్గుతుంది.

బళ్లో దీనికి గోలీలూ ఇసుకా ఉదాహరణ చెబుతారు: పెద్దవాటి సందుల్లోకి చిన్నవి దూరతాయని. సగం నిజమే. కానీ అదే ఇథనాల్‌ని (స్పిరిట్టులో ఉండే ఆల్కహాల్ పేరు ఇదే) పెట్రోలు లాంటి హెక్సేన్‌తో కలిపితే ఘనపరిమాణం కొద్దిగా పెరుగుతుంది. గోలీలు దాన్నెలా వివరిస్తాయి? అసలు సంగతి అణువుల మధ్య ఆకర్షణలో ఉంది. నీటి అణువులు హైడ్రోజన్ బంధాలతో, నడుమ ఖాళీలుండే వదులైన అల్లికగా ఉంటాయి. ఇథనాల్ అణువుకి ఒక కొస నీళ్లతో జతకట్టేది, రెండో కొస నూనె స్వభావం కలది. రెండూ కలిసినప్పుడు పాత అల్లిక చెదిరి, ఇంకా బిగువైనది ఏర్పడుతుంది. అందుకే కలిపిన వెంటనే సీసా పట్టుకుంటే కాస్త వెచ్చగా తగులుతుంది. 18 మి.లీ. నీటిని చాలా ఎక్కువ మొత్తంలో ఉన్న శుద్ధ ఇథనాల్‌లో పోస్తే మొత్తం పెరిగేది 14 మి.లీ.లే. అవే నీళ్లను నీళ్లలో పోస్తే 18కి 18 పెరుగుతాయి. అంటే ఒక పదార్థం ఎంత చోటు ఆక్రమిస్తుందన్నది దాని చుట్టూ ఏముందన్న దాన్ని బట్టి ఉంటుంది.

కాబట్టి ఈ తగ్గుదలకి నోటిలెక్క పనికిరాదు, ఎవరో కొలిచి రాసిపెట్టిన పట్టిక కావాలి. ఆ పట్టికలు వెతికేవారు మొదట తికమకపడేది ఒక్క చోటే: ‘ఇంత స్పిరిట్టూ ఇంత నీరూ కలిపితే ఇంత’ అని వాటిలో రాసి ఉండదు. ఉండేది సాంద్రత. ఘనపరిమాణం మనమే రాబట్టుకోవాలి. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర శుద్ధ ఇథనాల్ మి.లీ. 0.7892 గ్రాములు, నీరు 0.9982. చెరో 50 మి.లీ. తీసుకుంటే 39.46, 49.91 గ్రాములు, మొత్తం 89.37. ఇందులో ఆల్కహాల్ వాటా బరువులో 44.2 శాతం. పట్టికలో ఆ వరసన సాంద్రత 0.9266 దగ్గరుంటుంది. 89.37ని దానితో భాగిస్తే 96.4 మి.లీ. పైచిలుకు. నూటికి మూడున్నర మాయం.

ఇంత ఓపిగ్గా ఎవరు కొలిచారంటే, విజ్ఞానం మీద ప్రేమకన్నా పన్ను మీద ప్రేమతోనే మొదలైంది. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో బ్రిటిష్ ప్రభుత్వం స్పిరిట్టు మీద సుంకం న్యాయంగా వెయ్యాలంటే ఏం చెయ్యాలని అడిగితే, శాస్త్రవేత్త చార్లెస్ బ్లాగ్డెన్ పర్యవేక్షణలో జార్జ్ గిల్పిన్ రకరకాల పాళ్లలో, రకరకాల ఉష్ణోగ్రతల్లో తూచి పట్టికలు వేశాడు. 1816లో చట్టం అంగీకరించిన సైక్స్ హైడ్రోమీటర్‌తో (ద్రవంలో తేలుతూ, ఎంత మునిగిందన్న దాన్నిబట్టి సాంద్రత చూపే పరికరం) ‘ప్రూఫ్’ అనే కొలమానం స్థిరపడింది: 51 డిగ్రీల ఫారెన్‌హీట్ వద్ద సమాన ఘనపరిమాణం నీటి బరువులో 13 వంతులకు 12 తూగే స్పిరిట్టు. నేటి లెక్కలో అది ఘనపరిమాణంలో 57.1 శాతం. మన సీసాల మీద కనిపించే 42.8 శాతం అనే వింత అంకె వెనకున్నది ఇదే, 57.1లో ముప్పాతిక. దూబగుంట ఆడవాళ్లు 1992లో సారాని తరిమిన జిల్లాలో ఇదంతా చెప్పడం ఇబ్బందే గానీ, చరిత్ర అలా ఉంది మరి.

ఫ్రాన్స్‌లో రసాయన శాస్త్రవేత్త గే-లుసాక్ 1824లో శాతాల కొలమానం ఇచ్చాడు. మెండలీవ్ 1865లో డాక్టరేట్ పొందింది ఆవర్తన పట్టికతో కాదు, ఈ స్పిరిట్టూ నీళ్ల మీదే. ఒక ఇథనాల్ అణువుకి మూడు నీటి అణువులున్న చోట, అంటే బరువులో 46 శాతం దగ్గర, తగ్గుదల అత్యధికమని అందులో చూపించాడు. వోడ్కా 40 శాతం ఉండాలని ఆయనే తేల్చాడన్నది మాత్రం తర్వాత పుట్టిన కథ. ఇవాళ చేతికి తీసుకోదగింది అంతర్జాతీయ చట్టబద్ధ తూనికల సంస్థ (ఓఐఎంఎల్) 1970లలో వెలువరించిన ఆర్ 22 పట్టికలు. కంప్యూటర్లో పెట్టుకోవడానికి వీలుగా సూత్రం కూడా అందులోనే ఉంది.

పట్టిక దొరికాక అందులో అంకె కంటే ముందు తలకట్టు చదవాలి. శాతం బరువుదా, ఘనపరిమాణానిదా? 96 శాతం ఘనపరిమాణం అంటే బరువులో 93.8 మాత్రమే. 80 అంటే 73.5. ఉష్ణోగ్రత 15 డిగ్రీలా, 20యా, పాత ఇంగ్లండు 60 ఫారెన్‌హీటా? ఇచ్చింది సాంద్రతా, నీటితో పోల్చిన విశిష్ట సాంద్రతా? ఈ మూడూ రాయని పట్టిక ఎంత అందంగా ముద్రించి ఉన్నా నేనైతే పక్కన పెట్టేస్తాను.

మిశ్రమాల రెసిపీలు రాసేవాళ్లకి ఈ తేడా బాగా తెలుసు. రొయ్యల కణజాలం భద్రపరిచే డేవిడ్‌సన్ ద్రావణంలో 330 మి.లీ. ఆల్కహాల్, 220 ఫార్మలిన్, 115 ఎసిటిక్ ఆమ్లం, 335 నీళ్లు. కూడితే సరిగ్గా వెయ్యి, చేతికొచ్చేది లీటరుకి తక్కువే. అక్కడ పాళ్లే ముఖ్యం గనక నష్టం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ శానిటైజర్ పద్ధతి అలా కాదు. 96 శాతం ఇథనాల్ 8333 మి.లీ., హైడ్రోజన్ పెరాక్సైడ్ 417, గ్లిసరాల్ 145 పోశాక, నీళ్లు ఎన్ని పోయాలో అంకె ఇవ్వకుండా పది లీటర్ల గీత దాకా నింపమంటుంది. 80 శాతం కచ్చితంగా రావాలంటే అదే దారి.

ఇక రోహిణి కార్తె సంగతి. ఆర్ 22 సూత్రం మైనస్ 20 నుంచి 40 డిగ్రీల దాకే. ఏసీ లేని గదిలో, మన మే నెల మధ్యాహ్నం, పట్టిక అంచు దాటేస్తాం. దాటకపోయినా, 20 డిగ్రీల దగ్గర వెయ్యి లీటర్లున్న స్పిరిట్టు 40కి వచ్చేసరికి ఇరవై లీటర్ల పైచిలుకు ఉబ్బుతుంది. హైడ్రోమీటర్ కూడా వేడి స్పిరిట్టులో ఇంకాస్త మునిగి, లేని ఘాటు చూపిస్తుంది. అందుకే వేసవిలో ఆ కుర్రాడికి నేనిచ్చే సలహా కొలజాడీ కాదు, త్రాసు: 96 శాతం స్పిరిట్టు 588.7 గ్రాములు, నీళ్లు 296.9 గ్రాములు. 20 డిగ్రీలకు చల్లారాక అది లీటరు, 70 శాతం.