సంస్థ పేరు లేకుండా రీసెర్చ్ పేపర్: అపోహలు - వాస్తవాలు

అపోహ: యూనివర్సిటీ పేరు లేకపోతే జర్నల్ మన పేపర్ ముట్టుకోదు.

వాస్తవం: అఫిలియేషన్ (రచయిత పనిచేసే సంస్థ) గడిలో ‘ఇండిపెండెంట్ రీసెర్చర్’ అని రాసి, ఊరు, దేశం పేర్లు వేస్తే సరిపోతుంది. జీమెయిల్ చాలు. పరిశోధకుణ్ణి గుర్తించే పదహారు అంకెల ఆర్కిడ్ (ORCID) ఐడీ ఉచితం, తప్పక తీసుకోండి. అదే పేరున్న మరొకరి పేపర్లు మీ ఖాతాలో కలవవు. ఆ పని అక్కడ చేయనప్పుడు పాత కాలేజీ పేరు మాత్రం వేయకండి.

ఉదాహరణకు, నమూనా ఆవృత్తి కాకుండా తలమంతా పరుచుకునే ‘హ్యాట్’ ఆకారాన్ని కనిపెట్టిన డేవిడ్ స్మిత్ రిటైరైన ప్రింటింగ్ టెక్నీషియన్. నిరూపణ రాయగలిగిన ముగ్గురిని కలుపుకున్నారు. 2023లో ప్రీప్రింట్ (సమీక్షకు ముందే ఆన్‌లైన్‌లో పెట్టే ప్రతి) పెట్టారు, 2024లో అది కాంబినటోరియల్ థియరీ జర్నల్‌లో వచ్చింది.

అపోహ: డబ్బు కట్టనిదే అచ్చు కాదు.

వాస్తవం: చందాల మీద నడిచే జర్నల్స్‌లో చాలావరకు రచయితకు ఖర్చుండదు. ఎవరైనా ఉచితంగా చదవగలిగే ఓపెన్ యాక్సెస్‌లో కూడా ఫీజు లేనివి ఉన్నాయి, అలాంటి జర్నల్స్ జాబితా అయిన డీఓఏజేలో వాటిని విడిగా వెతకొచ్చు. ఫీజు మాఫీ కావాలంటే పేపర్ పంపేటప్పుడే అడగాలి. యాక్సెప్ట్ అయ్యాక అడిగితే చాలా చోట్ల కుదరదు.

అపోహ: ఐఎస్ఎస్ఎన్, డీఓఐ ఉంటే మంచి జర్నలే.

వాస్తవం: ఒకటి పత్రికకు గుర్తింపు సంఖ్య, రెండోది పేపర్‌కు శాశ్వత చిరునామా. నాణ్యతకు రెండూ హామీ కావు. వారంలో ప్రచురిస్తామని మెయిల్ వస్తే అందులోని లింకు నొక్కకండి. పేరున్న జర్నల్స్‌కు నకిలీ సైట్లు కూడా ఉంటాయి, అందుకే డీఓఏజే లాంటి ఇండెక్స్ జాబితాలోని లింకు పట్టుకుని వెళ్లండి.

అపోహ: ప్రీప్రింట్లు ఉంచే ఆర్కైవ్ (arXiv) సైట్‌లో ఎవరైనా పెట్టేయొచ్చు, అదే ప్రచురణ.

వాస్తవం: 1991 నుంచి నడుస్తున్న ఆర్కైవ్‌లో ఒక విభాగంలో మొదటిసారి పేపర్ పెట్టాలంటే ఆ రంగంలో ఇప్పటికే రాస్తున్నవారి ఎండార్స్‌మెంట్ (సిఫారసు) కావాల్సి రావచ్చు. మీరు ఎవరి పేపర్ మీద ఆధారపడ్డారో వారినే అడగండి. ‘మీ ఫలానా సిద్ధాంతాన్ని ఇలా వాడాను’ అని రెండు వాక్యాలు రాసి పీడీఎఫ్ జతచేయండి. ఒకే ఉత్తరాన్ని యాభై మందికి పంపితే ఎవరూ పలకరు. పేపర్లు, డేటా ఉంచే జెనోడో సైట్‌లో ఈ అడ్డంకి లేదు, డీఓఐ వెంటనే వస్తుంది. ఎక్కడ పెట్టినా అది పీర్ రివ్యూ (తోటి నిపుణుల సమీక్ష) కాదు.

అపోహ: తిరిగొచ్చిందంటే పని పనికిరానిదే.

వాస్తవం: రివ్యూకే వెళ్లకుండా ఎడిటర్ టేబుల్ దగ్గరే ఆగిపోవడానికి తరచూ కారణం ఆ జర్నల్ పరిధికి మీ విషయం పొసగకపోవడం. మీ రిఫరెన్సుల్లో ఆ జర్నల్ పేపర్ ఒక్కటి కూడా లేకపోతే ఎంపిక మళ్లీ చూసుకోండి. రచయిత ఎవరో రివ్యూయర్‌కు తెలియని అజ్ఞాత రివ్యూ అయితే ఫైల్ ప్రాపర్టీస్‌లో పేరు, ‘మా గత పేపర్‌లో’ అనే మాట తీసేయాలి. ఒకే సమయంలో రెండు జర్నల్స్‌కు పంపడం తప్పు.

సవరణలు అడిగారంటే తలుపు తెరిచే ఉందన్నమాట. ప్రతి వ్యాఖ్యనూ యథాతథంగా రాసి, దాని కిందే జవాబు పెట్టండి. ‘శాంపిల్ చిన్నది’ అన్నారనుకోండి: ‘నిజమే. 40 మందికే పరిమితం కావడానికి కారణం పేజీ 5, పంక్తి 12లో చేర్చాం. దీనివల్ల తేల్చలేనివి పేజీ 9లో రాశాం.’ ఒప్పుకోని చోట కారణం చూపండి. జవాబివ్వకుండా వదిలిన వ్యాఖ్యే రివ్యూయర్ కంట్లో ముందు పడుతుంది.

అపోహ: ముందు సర్వే చేసేసి, ఎథిక్స్ కమిటీ అనుమతి తర్వాత తెచ్చుకోవచ్చు.

వాస్తవం: సంస్థ లేనివారికి అన్నిటికంటే పెద్ద దెబ్బ ఇక్కడే తగులుతుంది. జరిగిపోయిన సేకరణకు కమిటీలు సాధారణంగా అనుమతి ఇవ్వవు. ఏడాది కష్టపడి తెచ్చిన డేటా అలా వృథా అవుతుంది. మనుషుల నుంచి సమాచారం తీసుకునే పని అయితే ప్రశ్నావళి, సమ్మతి పత్రం, డేటా దాచే పద్ధతి ముందే రాసిపెట్టుకుని, సంస్థలో ఉన్న సహరచయిత ద్వారానో, ఫీజు తీసుకునే స్వతంత్ర కమిటీ ద్వారానో దరఖాస్తు చేయండి. అందరికీ అందుబాటులో ఉన్న, పేర్లు తీసేసిన డేటా అయితే చాలాసార్లు మినహాయింపు దొరుకుతుంది, కానీ ఆ నిర్ణయం కూడా లిఖితంగా ఉండాలి. కమిటీ పేరు, అనుమతి సంఖ్య, తేదీ పేపర్‌లోని మెథడ్స్ భాగంలో వేయండి. ఆ తేదీ మీ మొదటి సమాధానం అందిన తేదీకి ముందుదై ఉండాలి.