మానసిక గాయం, కోలుకునే శక్తి: అపోహలు - వాస్తవాలు

అపోహ: పసిపిల్లలకు ఏమీ తెలియదు, ఇట్టే మరిచిపోతారు.

వాస్తవం: మాటల్లో చెప్పలేనంత మాత్రాన మరిచిపోయినట్లు కాదు. రోడ్డు ప్రమాదాన్ని కళ్లారా చూసిన నాలుగేళ్ల పిల్లవాడు బొమ్మకారును గోడకు గుద్దించి, తీసి, మళ్లీ గుద్దిస్తూ, ముఖంలో ఏ ఉత్సాహమూ లేకుండా అదే ఆటను గంటలకొద్దీ ఆడటం మా వృత్తిలో ఉన్నవారికి కొత్త కాదు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం తిరిగి మొదలవడం, తల్లిని క్షణం వదలకపోవడం కూడా భయానికి గుర్తులే కానీ మొండితనం కాదు. బడికి వెళ్లే వయసులో అది కడుపునొప్పిగా, కౌమారంలో చిరాకుగానో తెగింపుగానో బయటపడుతుంది. పెద్దలు ఆ ప్రస్తావనే రానివ్వకపోతే, జరిగినదానికి తానే కారణమని బిడ్డ అనుకునే ప్రమాదం ఉంది కనుక, వయసుకు తగినట్లు నిజం చెప్పడం, తిండి, నిద్ర వేళలు తప్పకుండా చూడటం అవసరం.

అపోహ: వెంటనే అంతా చెప్పించి ఏడిపిస్తే గుండె బరువు దిగిపోతుంది.

వాస్తవం: ఒకప్పుడు మా రంగంలోనూ ఈ నమ్మకం బలంగా ఉండేది. బాధితులను కూర్చోబెట్టి ఒకే విడతలో వివరాలన్నీ చెప్పించే డీబ్రీఫింగ్ పద్ధతి పీటీఎస్‌డీని (మానసిక గాయం తర్వాత ఆ జ్ఞాపకాలు, భయం విడవకుండా వేధించే రుగ్మతను) నివారించదని, కొందరికి కీడు కూడా చేయవచ్చని పరిశోధనల్లో తేలింది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో వెలువరించిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిని భద్రతకు, తక్షణ అవసరాలకు, అయినవారితో కలపడానికి ప్రాధాన్యమిచ్చింది. వారు చెప్పదలిస్తే వినాలి, గుచ్చి గుచ్చి అడగకూడదు.

అపోహ: పెద్ద దెబ్బ తిన్నవారు ఇక మామూలు మనుషులు కాలేరు.

వాస్తవం: ప్రపంచంలో దాదాపు 70 శాతం మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి అనుభవం ఎదురవుతుందని, వారిలో పీటీఎస్‌డీకి లోనయ్యేవారు 5.6 శాతమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తొలి వారాల్లో నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడటం సహజమే. నెల దాటినా తగ్గక, రోజువారీ పనులకు అడ్డుపడుతుంటే నిపుణులను కలవాలి. మానసిక గాయానికి ప్రత్యేకించిన సీబీటీ (ఆలోచనలను, ప్రవర్తనను మార్చుకోవడానికి తోడ్పడే మాటల చికిత్స), ఈఎండీఆర్ (కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకాన్ని తలుచుకునేలా చేసే పద్ధతి) చికిత్సలు బాగా పనిచేస్తాయి.

అపోహ: తట్టుకునే శక్తి పుట్టుకతో రావలసిందే.

వాస్తవం: హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను మనస్తత్వవేత్త ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాలపాటు పరిశీలించింది. పేదరికం, ఇంటి కలహాలు వంటి అనేక కష్టాల మధ్య పెరిగినవారిలో సుమారు మూడో వంతు మంది సమర్థులైన పెద్దవారయ్యారు. వారి స్వభావానికీ ఇందులో పాత్ర ఉంది. అయితే, ఆదరించే పెద్దవారు ఒక్కరైనా వారికి ఉండటం ముఖ్యంగా కనిపించింది. ఆ ఒక్కరు తల్లిదండ్రులే కానక్కరలేదు.

అపోహ: వయసు పైబడినవారు అన్నీ చూసినవారే, వారికి సాయం అక్కరలేదు.

వాస్తవం: చాలామంది వృద్ధులు నిబ్బరంగానే ఉంటారు. కానీ పదవీ విరమణతోనో జీవిత భాగస్వామి మరణంతోనో ఏళ్లనాటి గాయం తిరగబెట్టవచ్చు. వారు దాన్ని ఒళ్లునొప్పులుగా, నిద్రలేమిగా చెప్పుకుంటారు, మనమూ వయసు మీదకు నెట్టేస్తాం. ఈ వయసులో ఎందుకని చికిత్సను వాయిదా వేయడం తగదు, పైన చెప్పిన సీబీటీ, ఈఎండీఆర్ చికిత్సలు వారికీ ఉపకరిస్తాయి.